భుజం మీద చెయ్యి

సాయంత్రం ఎండ తగ్గగానే ఆ వీధిలో ఒక ముచ్చటైన దృశ్యం కనిపించేది. మీ వీధిలోనూ ఇలాంటిది మీరు చూసే ఉంటారు. బేకరీ పక్కనున్న మేడ మీంచి పెద్దవయసు దంపతులు ఇద్దరు దిగి వచ్చేవారు. భార్య ముందు, భర్త అర అడుగు వెనక. ఆయన ఎడమ చెయ్యి ఆమె కుడి భుజం మీద ఉండేది. అలా మెల్లగా వీధి చివరనున్న బస్టాండు దాకా నడిచి, సిమెంటు బెంచీ మీద కాసేపు కూర్చుని, వచ్చే పోయే బస్సులను చూసి, చీకటి పడకముందే అదే తీరులో వెనక్కి వచ్చేవారు.

వీధి వీధంతా వాళ్లను చూసి మురిసిపోయేది. బేకరీ ఆవిడ తన భర్తను పిలిచి, "చూసి నేర్చుకోండి. మీరు నాతో బయటికొస్తే నేనెవరో తెలియనట్టు ముందు నడుస్తారు" అని దెప్పేది. ఆయనా తక్కువవాడు కాదు. "ఆవిడ మెల్లగా మాట్లాడుతుంది కాబట్టి ఆయన దగ్గరగా నడుస్తాడు" అనేవాడు. ఎదురింటి కొత్త దంపతులు ఒకసారి వెనకనుంచి వాళ్ల ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపారు. చూసినవాళ్లంతా ఆహా అన్నారు.

అయ్యా, అమ్మా, ఆ ఫొటోను ఎవరైనా కాస్త పెద్దది చేసి చూసి ఉంటే బాగుండేది. ఆ చేతి వేళ్లు ఆమె భుజాన్ని నిమరడం లేదు. స్వెటరు ఉన్నిలోకి దిగబడి, ఎముక దొరికేదాకా పట్టుకుని ఉన్నాయి. ఆమె కుడి భుజం ఎడమదాని కంటే కిందికి ఉంది. ఆమె తల వంచుకున్నది సిగ్గుతో కాదు, ముందున్న నేలను ఇద్దరి తరఫునా చూసుకుంటూ నడుస్తోంది. అందులో ప్రేమ లేదని నేననను. కానీ ఆ చేతిలో ప్రేమ కంటే నామోషీ బరువే ఎక్కువగా ఉంది.

ఆయన్ను అందరూ కండక్టర్ గారనే పిలిచేవారు. ఉద్యోగం నుంచి దిగి ఏళ్లయినా ఆ పిలుపు పోలేదు. బస్సులో పనిచేసినంత కాలం ఆయన కడ్డీ పట్టుకుని ఎరగడు. బస్సు మలుపు తిరిగేటప్పుడు నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు తూలుతుంటే, ఈయన మాత్రం నడిమధ్యన కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, రెండు చేతులతో టికెట్లు చింపుతూ, "జరగండి, లోపలికి జరగండి" అంటూ జనాన్ని తప్పించుకుని పోయేవాడు. కొత్తగా చేరిన కండక్టర్లు పైకడ్డీ కోసం చెయ్యి చాపితే, "అది ప్రయాణికుల కోసం పెట్టారయ్యా, మనకోసం కాదు" అని ఆటపట్టించేవాడు. డిపోలో ఈ మాట చెప్పుకుని నవ్వుకునేవారు. ఆయనకు మాత్రం అది నవ్వులాట కాదు, తన గొప్పంతా అందులోనే ఉందనుకునేవాడు.

ఆయన భార్య దుకాణాలకు స్వెటర్లు అల్లి ఇచ్చే మనిషి. వీధిలో ఆమెను అల్లికలమ్మ అనేవారు. సన్నగా ఉంటుంది, నడుం కొంచెం వంగింది. ఎముకలు గుల్లబారాయని, జాగ్రత్తగా ఉండమని డాక్టరు చెప్పి మాత్రలు రాశాడు. నెలనెలా ఆ మాత్రలు తెచ్చి చేతిలో పెట్టేది కండక్టర్ గారే. అంటే ఆమె ఎముకల సంగతి ఆయనకు తెలియక కాదు.

ఆయన మొదటిసారి పడింది బాత్రూమ్‌లో, ఉదయం పూట. బకెట్ పక్కకు పెట్టి వెనక్కి తిరగబోయాడు. ఒళ్లు తిరిగింది గాని కాళ్లు తిరగలేదు. చప్పుడు విని అల్లికలమ్మ వెళ్లేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి కొద్దిగా గీసుకుపోయింది, అంతే. ఆయన మోచెయ్యి చూసుకోలేదు. తలుపు వైపు చూశాడు.

"ఎవరైనా విన్నారా?" అని అడిగాడు.

"ఎవరున్నారండీ వినడానికి? ముందు లేవండి. అమ్మాయికి ఫోన్ చేస్తాను."

"చేశావంటే నా మీద ఒట్టే."

ఆమె చెయ్యి ఫోను దగ్గరే ఆగిపోయింది.

ఎందుకంత భయమంటే, ఆయన అన్నగారి సంగతి చెప్పాలి. ఆ అన్నగారు ఉత్తరాలు బట్వాడా చేసిన మనిషి. ఎండా వానా చూడకుండా ఊరంతా కాలినడకన తిరిగినవాడు. ఒకరోజు గేటు దగ్గర కాలు జారి పడి, ఇంట్లోకొచ్చి కొడుకులతో ఉన్నదున్నట్టు చెప్పాడు. కొడుకులు చెడ్డవాళ్లు కారు. తండ్రంటే ప్రాణం పెట్టేవాళ్లే. "ఇక మీరు లేవక్కర్లేదు నాన్నా" అన్నారు. కిటికీ దగ్గర కుర్చీ వేశారు. నీళ్లు, అన్నం, పేపరు అన్నీ కుర్చీ దగ్గరికే వచ్చాయి. లేవబోతే కోడలు, "కూర్చోండి మావయ్యా, మళ్లీ పడతారు" అని వంటింట్లోంచే కేకేసేది. వచ్చినవాళ్లకు ఆయన ఎదురుగానే, "పడ్డారండీ, అందుకే కదలనివ్వడం లేదు" అని చెప్పేవారు.

కదలని కాళ్లు ఊరుకుంటాయా? కండ కరిగిపోయింది. వానాకాలంలో కుర్చీలో కూర్చున్న మనిషి చలికాలానికి ఇద్దరు పట్టుకుంటేగాని లేవలేకపోయాడు. ఆ తర్వాత మంచం. మంచం పట్టాక ఎక్కువ కాలం లేడు. చివరిసారి చూడ్డానికి వెళ్లిన తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, గదిలో ఎవరూ లేరని చూసుకుని, "పడితే పడ్డావు గాని తమ్ముడూ, ఎవరికీ చెప్పకు" అన్నాడు. కండక్టర్ గారి మనసులో ఆ మాట పాతుకుపోయింది.

రెండోసారి డాబా మెట్ల మీద పడ్డాడు. అప్పుడూ దెబ్బేమీ తగల్లేదు. ఈసారి అల్లికలమ్మ ఊరుకోలేక, ఆయనకు తెలియకుండా ఒక చేతికర్ర కొనుక్కొచ్చింది. పట్టుకునే చోట అరచెయ్యి నొప్పెట్టకుండా ముదురు నీలం ఉన్నితో తొడుగు అల్లి వేసింది. ఎంత ఇష్టంగా అల్లిందో ఆ కుట్లే చెబుతాయి.

ఆయన దాన్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. "ఇది పట్టుకుని బస్టాండుకి వెళ్లమంటావా? డ్రైవర్లందరూ చూస్తారు. నాకు తలకొట్టేసినట్టు ఉంటుంది."

"మరి ఎలా నడుస్తారు?"

ఆయన కర్రను బీరువా వెనక్కి తోసేసి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వుండగా నాకు కర్రెందుకే?"

ఆ మాటకు ఆమె కరిగిపోయింది. ఏ భార్య కరగదు? ఆ రోజునుంచే ఆ వీధికి ఆ ముచ్చటైన దృశ్యం మొదలైంది. మేడ మెట్లు దిగేటప్పుడు, ఎవరూ చూడని చోట, ఆయన పక్కనున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకునేవాడు. వీధి తలుపు దగ్గరికి రాగానే కడ్డీ వదిలేసి, చొక్కా సర్దుకుని, చెయ్యి ఆమె మీదికి మార్చేవాడు.

ఇందులో అన్నిటికంటే విడ్డూరమైన సంగతి ఇంకా చెప్పలేదు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు పెద్దాసుపత్రిలో నడక పరిశోధన విభాగంలో డాక్టరు. పెద్దవయసు వాళ్లు ఎందుకు పడతారు, ఎవరు పడబోతున్నారో ముందుగా తెలుసుకోవడం ఎలా, ఏ వ్యాయామంతో ఆపవచ్చు అన్నదే ఆమె పని. అక్కడ ఒక పొడవాటి నల్ల చాప పరిచి ఉంటుంది. దాని మీద నడిస్తే అడుగు ఎంత దూరం పడింది, ఏ కాలు మీద ఎంత బరువు పడింది అన్నది తెర మీద కనిపిస్తుంది. ఒంటికాలి మీద నిలబెడతారు. కుర్చీలోంచి లేపి, నడిపించి, వెనక్కి తిప్పి, మళ్లీ కూర్చోబెడతారు.

వచ్చిన పెద్దలందరినీ ముందు ఒక హాల్లో కూర్చోబెట్టి కూతురు అందరి ఎదుటా అడిగేది. "ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?" లేదన్నవాళ్లకు నవ్వుతూ "భేష్" అనేది. మంచి మనసుతోనే అనేది. కానీ పదిమంది ముందు భేష్ అనిపించుకోవడం వదులుకుని, పడ్డానని ఎవరు చెబుతారు? వరస పెట్టి అందరూ లేదు, లేదు అనేవారు. కూతురు రమ్మంటే వెళ్లిన కండక్టర్ గారి గొంతే వాళ్లలో గట్టిగా వినిపించేది. పక్కన అల్లికలమ్మ తల వంచుకుని స్వెటరు అల్లుకుంటూ ఉండేది.

చాప మీద ఆయన నడక చూడాలి. నలుగురు చూస్తుంటే ఆయన ఒంట్లోకి పాత బస్సు వచ్చేసేది. ఊపిరి బిగబట్టి, చివర నిలబడ్డ భార్య మీద చూపు నిలిపి, కుర్రాడిలా నడిచేవాడు. తిరిగే చోట మాత్రం ఒక్క క్షణం తడబడి, చిన్నచిన్న అడుగులు వేసేవాడు. తెర మీద ఆ అడుగులు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని కనిపించేవి.

విభాగానికి పెద్దయిన డాక్టరమ్మ ఒకసారి వాటిని చూసి, "మీ నాన్నగారు ఇంట్లో ఎలా నడుస్తారో చూశావా? ఇక్కడ అందరూ పరీక్షకు వచ్చినట్టు నడుస్తారు. మనుషులు పడేది ఇంట్లో" అంది.

"మా నాన్న సంగతి మీకు తెలియదు మేడమ్. పరుగెత్తే బస్సులోనే కడ్డీ పట్టుకోలేదు" అని కూతురు నవ్వేసింది. ఊళ్లోవాళ్ల కాళ్లన్నీ కొలిచిన మనిషి తండ్రి కాళ్ల దగ్గరికొచ్చేసరికి కొలవడం మానేసింది.

ఒక ఆదివారం కూతురు పుట్టింటికి వచ్చింది. దండెం మీద ఆరేసిన తల్లి స్వెటరు తీసి మడత పెడుతూ ఆగింది. కుడి భుజం దగ్గర ఉన్ని సాగిపోయి, పిగిలి, మళ్లీ మళ్లీ అల్లి ఉంది. రంగు కూడా కలవలేదు.

"అమ్మా, ఒక్క భుజమే ఎందుకిలా చిరిగిపోతోంది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "సంచి తగిలించుకుంటాను కదే" అని జవాబొచ్చింది.

"బరువులు మొయ్యొద్దని చెప్పానా లేదా? నీ ఎముకలు గాజు ముక్కల్లా ఉన్నాయి. ఏదైనా అయితే ఇక లేచి తిరగలేవు."

హాల్లో పేపరు చదువుకుంటున్న కండక్టర్ గారికి ఈ మాటలన్నీ వినిపించాయి. ఆయన పేజీ తిప్పలేదు. కూతురు స్వెటరు మడతపెట్టి అలమరలో పెట్టేసింది. ఆ సాయంత్రం కూడా ఆయన ఆ భుజమే పట్టుకుని బస్టాండుకి వెళ్లాడు. ఇంత విని కూడా ఎలా వెళ్లాడని మీకు కోపం రావచ్చు. నాకూ వస్తుంది. కానీ భయం మనిషి చేత చేయించేవి అలాగే ఉంటాయి. ఇదొక్కరోజే గదా అనుకుంటూ వెళ్లాడు.

వాన కురిసి వెలిసిన ఒక సాయంత్రం అది జరిగింది. బస్టాండు ముందు నేల తడిగా ఉంది. అప్పుడే లోపలికి తిరుగుతున్న బస్సులోంచి ఆయన పాత స్నేహితుడైన డ్రైవరు హారన్ కొట్టి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం గురువుగారూ, ఎక్కుతారా ఒకసారి, కడ్డీ పట్టుకోకుండా?"

కండక్టర్ గారు నవ్వుతూ, కుడిచెయ్యి ఎత్తి ఆ వైపు తిరిగాడు. ఒళ్లు తిరిగింది, కాళ్లు తిరగలేదు. ఎడమచేతి వేళ్లు ఉన్నదంతా బలం పెట్టి ఆ భుజాన్ని బిగించాయి. ఆమె నిలబడాలనే చూసింది. ఒక్క అడుగు పక్కకు వేసింది కూడా. ఆ తర్వాత ఇద్దరూ కూలిపోయారు. ఆమె కింద, ఆయన పైన.

జనం పరుగెత్తుకొచ్చి ఆయన్ను లేపారు. ఆయనకు గీత కూడా పడలేదు. ఆమె లేవలేదు. కుడికాలు పాదం పక్కకు వాలిపోయి ఉంది. ఆమె మొదట అడిగింది, "మీకేం కాలేదు కదా?" అని. ఆ తర్వాత చుట్టూ మూగినవాళ్లను చూసి, పళ్లబిగువున, "నేనే జారానండీ. ఆయన నన్ను పట్టుకోబోయారు" అంది.

"పాపం, భార్యను పట్టుకోబోయి తనూ పడ్డాడు. ఎంత ప్రేమో" అని ఎవరో అన్నారు. కండక్టర్ గారికి అది వినిపించింది. కాదు అనడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు మళ్లీ మూసేసుకున్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన అలాగే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందని తేలింది. నర్సు స్వెటరు కత్తిరించి తీసేసింది. కూతురు తల్లి మీద దుప్పటి కప్పబోయి ఆగిపోయింది. కుడి భుజం మీద వేళ్ల ముద్రలున్నాయి. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి. కొన్ని పాతబడి పసుపు రంగుకు తిరిగాయి, కొన్ని ఇంకా నీలంగా ఉన్నాయి. అన్నిటికంటే పైన ఆ సాయంత్రం ముద్ర ఎర్రగా ఉంది. కూతురికి దండెం మీది స్వెటరు గుర్తొచ్చింది. తెర మీద ఇరుక్కున్న అడుగులు గుర్తొచ్చాయి.

వసారాలో బెంచీ మీద కూర్చున్న తండ్రి దగ్గరికి వచ్చింది. "అమ్మ ఎలా జారింది నాన్నా?"

ఆయన ఎడమచేతిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"అమ్మ భుజం మీద వేళ్లు ఎవరివి?"

అప్పుడాయన చెప్పాడు. బాత్రూమ్ దగ్గరనుంచీ, అన్నగారి కుర్చీ దగ్గరనుంచీ అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్ల చేతిని చూసినట్టు చూస్తూ ఉన్నాడు. "నన్నూ కూర్చోబెడతావని భయపడ్డానమ్మా" అన్నాడు.

కూతురు ఆయన మీద కోప్పడుదామని వచ్చింది. కోప్పడలేకపోయింది. "నేను అందరి ముందూ అడిగాను నాన్నా. లేదంటే భేష్ అన్నాను" అని గోడకు తల ఆనించి ఏడ్చింది.

ఆపరేషన్ జరిగింది. ప్రాణం నిలిచింది. కానీ గుల్లబారిన ఎముక సరిగా అతకలేదు. అల్లికలమ్మ ఇంటికి చక్రాల కుర్చీలో వచ్చింది. ఇద్దరు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది, అంతకుమించి లేదు. ఇప్పుడు ఆ ఇంట్లో నడవవలసింది ఆయనే. ఆమెకు మంచినీళ్లు, మాత్రలు, ఉన్ని ఉండలు అన్నీ ఆయనే తెచ్చివ్వాలి. బీరువా వెనకనుంచి ఆ కర్ర బయటికొచ్చింది. నీలం తొడుగు మీద దుమ్ము దులిపి ఆయన దాన్ని పట్టుకున్నాడు. చేతికి సరిగ్గా సరిపోయింది. తన చేతి కొలత ఆమెకు కాక ఎవరికి తెలుస్తుంది? ఆ రోజు ఆయన వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చాడు.

కూతురు విభాగంలో పద్ధతి మారింది. పడ్డారా అని ఇప్పుడు హాల్లో అడగడం లేదు. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, తలుపు వేసి, "మీ వయసులో చాలామంది పడుతుంటారు, మీరెప్పుడు పడ్డారు?" అని అడుగుతున్నారు. ఇళ్లకు వెళ్లి నడక చూస్తున్నారు. కండక్టర్ గారు కూడా అక్కడికి వచ్చి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఒక కాలి వేళ్ల ముందు రెండో కాలి మడమ పెట్టి నడవడం, మెల్లగా వెనక్కి తిరగడం నేర్చుకుంటున్నాడు. తిరిగే చోట అడుగులు కొంచెం విడివడ్డాయి. ఇవన్నీ ముందే నేర్చుకుని ఉండవచ్చు కదా అన్న ఆలోచన ప్రతి అడుగులోనూ ఆయన్ను పొడుస్తూనే ఉంది.

ఒకరోజు హాలు నిండా పెద్దలూ, వాళ్లను తీసుకొచ్చిన ఇంటివాళ్లూ ఉన్నారు. కండక్టర్ గారు కర్ర ఆనించుకుని లేచి, మాట్లాడతానన్నాడు. పెద్ద డాక్టరమ్మ తల ఊపింది.

"నన్ను మీలో కొందరు ఎరుగుదురు. కడ్డీ పట్టుకోని కండక్టర్ని నేనే. నేను పడ్డాను. మొదటిసారి నాకేం కాలేదు, చెప్పలేదు. రెండోసారీ ఏం కాలేదు, చెప్పలేదు. చివరిసారి కూడా నాకేం కాలేదు. పడింది నేను, విరిగింది మా ఆవిడ."

ఆయన చేతికర్రను కాస్త ముందుకు జరిపి చూపించాడు.

"కర్ర పట్టుకుంటే నామోషీ అనుకున్నాను. అందుకని మనిషిని కర్ర చేసుకున్నాను. మీరు ఇక్కడికి ఎవరి చెయ్యి పట్టుకుని వచ్చారో ఆ చేతులు ఒకసారి చూడండి. మణికట్టు మీద మీ వేళ్ల గుర్తులున్నాయేమో చూడండి." ఆయన ఇంటివాళ్ల వైపు తిరిగాడు. తిరగడం మెల్లగా, నేర్చుకున్న ప్రకారం తిరిగాడు. "పిల్లలకు కూడా ఒక మాట. పడ్డామని చెప్పినవాళ్లను కుర్చీలో కుదేసి కాపలా కాయకండి. మా అన్నను ప్రేమతోనే కూర్చోబెట్టారు. లేవనివ్వలేదు, పోయాడు. పక్కన ఉండి నడిపించండి."

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి వెనక వరుసలో ఒక పెద్దాయన తన భార్య మణికట్టు మీంచి మెల్లగా చెయ్యి తీసేశాడు. ముందు వరుసలో ఒక ముసలామె ఎవరి వైపూ చూడకుండా, "నేను కూడా పడ్డానమ్మా. పెరట్లో" అంది. ఆమె కొడుకు ఉలిక్కిపడి తల్లి మొహంలోకి చూశాడు.

కండక్టర్ గారు ఇంటికి వెళ్లేసరికి అల్లికలమ్మ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో ఉన్ని ఉండలున్నాయి గాని అల్లడం లేదు. ఆయన కర్ర గోడకు ఆనించి, ఆమె పక్కన కూర్చున్నాడు. అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి ఆమె భుజం దాకా లేచింది. మధ్యలోనే దించేసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెప్పేశాను" అన్నాడు.

"ఎవరైనా విన్నారా?" అని అడిగింది ఆమె.

"అందరూ విన్నారు."

ఆమె కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఇక తను నడవలేని వీధి అది. కండక్టర్ గారు చెప్పింది మనం కూడా వినాలి. పడ్డానన్న మనిషిని తప్పు చేసినవాడిలా కూర్చోబెట్టే ఇంట్లో, ఇంకెవరూ పడ్డామని చెప్పరు. చెప్పుకోలేని ఇంట్లో రేపు విరగబోయే ఎముక, పడ్డవాళ్లదే అయి ఉండనక్కర్లేదు.